దింపు లెక్క పుస్తకం

కొత్తపేట,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక "తర్వాత మాట్లాడతానురా" అని పెట్టేశాను. పాప పక్కనే ఉంది. దాని ముందు దాని గురించి మాట్లాడకూడదని మేం పెట్టుకున్న నియమం. ఇప్పుడది నిద్రపోయింది, మీ చెల్లెలు కూడా పడుకుంది. కాలవకి నీళ్లొదిలారు, దొడ్డి వెనక కప్పలు ఒకటే గోల. తీరిగ్గా రాస్తాను, నువ్వూ చెల్లెమ్మా కలిసి చదవండి.

మా పాపలాగే ఆరేళ్లు దాటిన పిల్లని దత్తత తెచ్చుకుంటే మనకి చేరువవుతుందా అన్నావు. ఇంకోటి కూడా అడిగావు, "అంత ప్రేమగా చూసుకుంటున్నారు కదా, మళ్లీ సైకాలజిస్టు దగ్గరికి ఎందుకురా, పిల్లకేమైనా తేడానా?" అని. నువ్వు తప్పుగా అడగలేదు. మూడేళ్ల కిందట నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ముందు దీనికే చెప్తాను.

పాప మా ఇంటికొచ్చిన నాలుగో నెల. దొడ్లో కొబ్బరికాయల దింపు పెట్టించాను. మా చెట్లు ఎంత పొడుగో నీకు తెలుసుగా. మనిషి పైకెక్కి కత్తి వేశాడు, మొదటి గెల ధబ్బున కింద పడింది. మనకి పుట్టినప్పట్నుంచీ వింటున్న చప్పుడే, చెవికి కూడా ఎక్కదు. నాలుగైదు గెలలు పడ్డాక మీ చెల్లెలు "పాపేదండీ?" అంది. వీధిలో లేదు, మంచాల కింద లేదు. కాలవ గుర్తొచ్చి నా కాళ్లలో సత్తువ పోయింది. గట్టు వెంట ఇద్దరం చెరో వైపు పరిగెత్తాం. చివరికి వసారాలో పీచు బస్తాలకీ గోడకీ మధ్య జానెడు సందులో దొరికింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ మమ్మల్ని చూడటం లేదు. రెండు చేతులూ తల మీద కప్పుకుంది. గౌను తడిసిపోయింది. "ఏమ్మా, కొబ్బరికాయలే కదా" అంటూ ఎత్తుకోబోతే నా ముంజేతి మీద గట్టిగా కొరికింది.

కాయలు ఏరడానికొచ్చిన ఒకావిడ "గాలి సోకిందండి, తాయెత్తు కట్టించండి ఆయ్" అంది. మా పెద్దమ్మ "ఏ రక్తమో ఏమిటో" అని గొణిగింది. నేనేమన్నానో అది నీకు చెప్పాలి. "ఇలా చేశావంటే హాస్టల్లో వేసేస్తాను" అన్నాను. మన ఇళ్లల్లో ప్రతి నాన్నా అనే మాటే. మా నాన్న నన్ను వందసార్లు అని ఉంటాడు, నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. పాప నమ్మింది. ఆ రాత్రి రెండు జతల బట్టలు, దువ్వెన, ఒక పుస్తకం కవర్లో సర్దుకుని తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది. ఏడవలేదు, అడగలేదు. సర్దుకుంది, అంతే. ఆ కవరు చూశాక నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదురా.

మొదట వెళ్లిన చోట పావుగంట చూసి, "మొండితనం, గారం ఎక్కువైంది, తప్పు చేస్తే ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టండి" అన్నారు. వారం రోజులు చేశాం. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒంటరిగా వదిలేయడం వల్లే గాయపడ్డ పిల్లని మళ్లీ ఒంటరిగా కూర్చోబెట్టాం. తర్వాత తెలిసినవాళ్లు చెబితే రాజమండ్రిలో ఒక చైల్డ్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. దత్తత పిల్లలతో, దెబ్బలు తిని వచ్చిన పిల్లలతో పని చేసిన మనిషి ఆవిడ.

మొదటి రోజు పాపని తీసుకురావద్దన్నారు. గంటన్నర మాతోనే మాట్లాడారు. "పాప కొరికినప్పుడు మీ ఒంట్లో ఏమైంది?" అని నన్నడిగారు. పిల్ల గురించి కాదు, నా గురించి. మా నాన్న బెల్టు గుర్తొచ్చిందని చెప్పాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట అది, మీ చెల్లెలికి కూడా. బావా, ఈ వైద్యంలో సగం పిల్లకి కాదు, మనకి. పిల్లతో ఆవిడ గడిపేది వారానికి గంట, మనం గడిపేది మిగతా అంతా.

దింపు సంగతి విని మేడమ్ ఒక మాట చెప్పారు. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో కుక్క, ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది. దాన్ని కొడితే మొరగడం మానుతుందా? పిల్ల ఒంట్లో అలాంటి కాపలా ఒకటి నిద్రపోకుండా ఉంటుందట. ఏదో చప్పుడు, ఏదో వాసన, ఎవరో గొంతు పెంచడం, అంతే, ఒళ్లు ముందు భయపడిపోతుంది. ఆలోచన వెనక పడిపోతుంది. పారిపోవడమో, తిరగబడటమో, కొయ్యబారిపోవడమో ఏదో ఒకటి జరిగిపోతుంది. ఆ నిమిషంలో నీతులు చెబితే చెవికెక్కవు. ముందు ఒళ్లు చల్లబడాలి, తర్వాత మనం పక్కనున్నామని తెలియాలి, మాటలు ఆ తర్వాతే. మనం పెరిగిన పద్ధతిలో మాటలే ముందు, అవీ తిట్లు.

తర్వాతి దింపు తారీకు క్యాలెండర్లో తన చేతే చుట్టించాం. ఆ రోజు వీధరుగు మీద దాని పక్కన కూర్చున్నాను, ముట్టుకోకుండా. "ఇప్పుడు కత్తి వేస్తాడు, ఒకటి, రెండు, మూడు... ధబ్" అని ముందే చెప్పేవాణ్ణి. వణికింది కానీ లేచి వెళ్లలేదు. మూడో దింపుకి ఆ లెక్క అదే పెట్టింది, నేను విన్నాను. ఇప్పుడు దానికో నోటు పుస్తకం ఉంది, ఏ చెట్టుకి ఎన్ని కాయలో రాస్తుంది. ఈసారి 412. రాబోయేది ముందే తెలిస్తే, తన చేతిలో ఒక పని ఉంటే, భయం అంతలా పట్టదట.

దీనికన్నా ఆలస్యంగా అర్థమైంది ఇంకోటి ఉంది. మొదటి రెండు నెలలు మేం మురిసిపోయాం. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. ప్రతి ఆడమనిషినీ "అమ్మా" అనేది. రావులపాలెం బస్టాండులో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒళ్లో ఎక్కి కూర్చుంది. "ఎంత కలుపుగోలు పిల్లండీ" అని అందరూ అంటుంటే గర్వంగా ఉండేది. అదే పిల్ల మీ చెల్లెల్ని మాత్రం తల దువ్వనిచ్చేది కాదు. నూనె గిన్నె కనిపిస్తే చాలు, మంచం అవతలికి వెళ్లిపోయేది. పరాయివాళ్ల దగ్గర అంత చనువు, నా దగ్గరే ఎందుకిలా అని మీ చెల్లెలు ఎన్నిసార్లు ఏడ్చిందో.

మేడమ్ చెప్పాకే తెలిసింది. డ్యూటీల వారీగా ఆయాలు మారే చోట పెరిగిన పిల్లకి, ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లనే మంచి చేసుకోవడం బతకడానికి నేర్చుకున్న విద్య. దగ్గరైన మనిషే వెళ్లిపోతుందన్నది దాని అనుభవం. అందుకే దగ్గరవబోయే మనిషిని చూస్తేనే భయం. అప్పట్నుంచి అన్నం, స్నానం, నిద్రపుచ్చడం మా ఇద్దరి చేతుల మీదే. చుట్టాలెవరూ ఎత్తుకోవద్దని, తినిపించవద్దని చెప్పాం. మన ఊళ్లో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా? మా అత్తగారు నెల రోజులు మాట్లాడలేదు. అయినా నిలబడ్డాం.

జడ విషయంలో మేడమ్ చెప్పిన ఉపాయం చూడు. "మీరు దువ్వకండి, తనని మీ తల దువ్వమనండి" అన్నారు. రోజూ సాయంత్రం మీ చెల్లెలు కింద కూర్చునేది, పాప మంచం మీద. దువ్వెన పాప చేతిలో. చిక్కు తగిలి నొప్పెడితే "అమ్మా, మెల్లిగా" అనేది, పాప ఆగేది. నొప్పి పెట్టినా చెప్పొచ్చు, చెబితే ఎదుటి మనిషి ఆగుతారు అన్నది దాని చేతికే తెలిసేలా చేశారన్న మాట. నెల తర్వాత చివరి రిబ్బను కట్టనిచ్చింది. తర్వాత జడ చివర మూడు అల్లికలు. తల మీద నూనె చెయ్యి పెట్టనివ్వడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల్లో మీ చెల్లెలు ఎంత నలిగిపోయిందో చెప్పాలి. చెల్లెమ్మ కోసం రాస్తున్నాను ఇది. ఒకరోజు మేడమ్ దగ్గర "నాకు ఈ పిల్ల మీద ప్రేమ రావడం లేదేమో" అనేసింది. నేను బిత్తరపోయాను. ఆవిడ మాత్రం మంచినీళ్లిచ్చి, "చాలామంది అమ్మలకి ఇలాగే ఉంటుంది, బయటికి చెప్పేవాళ్లు తక్కువ" అన్నారు. ప్రసవమైన ఆడవాళ్లకి వచ్చే దిగులు లాంటిదే పిల్లని తెచ్చుకున్న వాళ్లకీ రావచ్చట. అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు పాపా నేనూ, మీ చెల్లెలికి సెలవు. పడుకుంటుందో, పుట్టింటికి వెళ్తుందో దాని ఇష్టం.

ఇక నీ మొదటి ప్రశ్న. రొమేనియా సంగతి మేడమ్ చెప్పారు. అక్కడ 1989లో ప్రభుత్వం కూలాక అనాథ ఆశ్రమాల్లో వేలమంది పిల్లలు పట్టించుకునే దిక్కులేక కనిపించారు. తర్వాత బుకారెస్టులో 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని సగం మందిని కుటుంబాల్లో పెట్టి, ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకి వెళ్లినవాళ్లు మొత్తం మీద బాగా కోలుకున్నారు. రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లు ఇంకా బాగా. అంటే ఎంత ముందైతే అంత మంచిదన్నది నిజం. ఆలస్యమైతే దారి మూసుకుపోయిందని కాదు, ఓపిక ఎక్కువ కావాలి, సాయం ఎక్కువ కావాలి. ఆరేళ్ల పిల్లని నువ్వు ఆరేళ్ల గతంతో సహా తెచ్చుకుంటున్నావు. పాప గతం ఏమిటని మాత్రం నన్నడక్కు. నీకైనా చెప్పను, అది దాని సొంతం. పెద్దయ్యాక ఎవరికి చెప్పాలో అదే చూసుకుంటుంది.

మన వైపు దత్తత కొత్తేం కాదు. అక్క కొడుకుని, తమ్ముడి కూతుర్ని తెచ్చుకుని పెంచిన ఇళ్లు మన వీధిలోనే ఎన్ని లేవు! కానీ పిల్లకి చెప్పకుండా దాచడం కూడా మన అలవాటే. పెళ్లిలోనో చావింట్లోనో ఎవరో నోరు జారితే తెలిసేది. ఆ పొరపాటు మీరు చేయకండి. మేం ఒక ఆల్బం పెట్టాం, పాప ఉన్న శిశుగృహ గేటు ఫొటోతో మొదలవుతుంది. అడిగినప్పుడల్లా అడిగినంత చెబుతాం. పద్ధెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని దరఖాస్తు పెట్టుకునే హక్కు చట్టమే దానికిచ్చింది. మేం అడ్డు రాం, వెంట వెళ్తాం.

అన్నట్టు, సంక్రాంతికి మా బంధువు ఒకాయన పిల్లలందర్నీ వరసగా ఏడిపిస్తూ మా పాపతో కూడా "నిన్ను తవుడు పోసి కొన్నారే" అన్నాడు. పాపం ఆయన మనసులో ఏమీ లేదు, మనమంతా విన్న మాటే. పాప నా వైపు తిరిగి "ఎంత తవుడు నాన్నా?" అంది. గొంతులో ఏదో అడ్డుపడింది. "కొనలేదమ్మా, నీ కోసం రెండేళ్లు ఎదురుచూశాం, కలెక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టారు" అని అందరి ముందూ గట్టిగా చెప్పాను. ఇంటికొచ్చి ఆ కాగితం చూపించాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి చూసుకుంటుంది.

దత్తత పిల్లలకే కాదురా ఇది. మా వెనక వీధిలో ఒక మామ్మగారు ఇద్దరు మనవల్ని పెంచుతున్నారు. తల్లి కువైట్లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లు. కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. చిన్నవాడు ఫోన్ మోగితే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. అమ్మతో మాట్లాడడు. "పొగరండి వాడికి" అంటారు మామ్మగారు. పొగరు కాదని నాకిప్పుడు తెలుసు. తను కూడా వాణ్ణి తీసుకుని మాతో రాజమండ్రి రావడానికి ఒప్పుకున్నారు.

నీకు పనికొచ్చేవి కొన్ని. మీ ఇద్దరి వయసులూ కలిపితే 91 కదా. రెండేళ్ల లోపు పిల్లలకి 85, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి 90 దాటకూడదు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి 100 వరకూ ఉంది. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైటులో రిజిస్టరు చేసుకుంటే ఇంటికి సోషల్ వర్కరు వస్తారు. వాళ్ల ముందు అంతా బాగున్నట్టు కనిపించాలని టెన్షన్ పడొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్ల ఫైలు ఇచ్చాక ఎన్ని చోట్ల పెరిగింది, ఎవరికి దగ్గరైంది, దేనికి భయపడుతుంది అని అడిగి రాసుకోండి. పిల్ల వచ్చాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. మా నాలుగు సార్లూ అయిపోయాయి. అవి తనిఖీలని భయపడకుండా సాయం అడిగే వేళలుగా వాడుకోండి. సైకాలజిస్టుని పిల్ల రాకముందే చూసిపెట్టుకోండి. డబ్బు కష్టమైతే కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైను టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మీ చెల్లెలు రెండుసార్లు చేసింది. పిల్లలెవరికైనా ఆపద అని తెలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

వచ్చే నెల 20న దింపు. మీరిద్దరూ రండి. ఒక్క మాట గుర్తుపెట్టుకో, వచ్చీ రాగానే ఎత్తుకోవద్దు, బుగ్గ గిల్లొద్దు. అరుగు మీద కూర్చో. దానికి నచ్చినప్పుడు లెక్క పుస్తకం పట్టుకుని అదే వస్తుంది. పేజీలు తిప్పేయకుండా మొదటి చెట్టు దగ్గర్నుంచి చూడు. దానికి అలాగే కావాలి.

నీ బావ