రంగు పూయరు, ఆవిరి పట్టిస్తారు

సంపాదకులకు,

గంజాయి పొగ పీల్చే అమెరికా గాజు పైపులను మత్తు సామాను అని కొట్టిపారేస్తే వాటిలోని పనితనం కనబడదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కచేరీల వెంట తిరిగి, ఆరెగాన్‌లోని యూజీన్‌లో స్థిరపడ్డ గాజు కళాకారుడు బాబ్ స్నాడ్‌గ్రాస్ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతిలో రంగు పూయరు. బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గట్టిగాజు) కడ్డీ కొసన రవ్వంత వెండి అంటించి మంటలో పెడితే, ఆవిరి ఎదుటి గొట్టం మీద పలచటి పొరగా పడుతుంది. వెండికి పసుపు, నీలం, బంగారానికి గులాబీ. పొర మందమైతే మసకేస్తుంది. లోపల మసి పేరుకుని వెనక నల్లబడ్డాకే రంగులు విచ్చుకుంటాయి. వాడేకొద్దీ మారే బొమ్మలన్నమాట!

ఈ గట్టిగాజుకి మెత్తగాజు (మామూలు గాజు) ముక్క అతికిస్తే అది దీనికంటే దాదాపు మూడింతలు ముడుచుకుంటుంది, చల్లారేసరికి పగులే. అతుకు కుదిరినా, సుమారు 565 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో ఉంచి మెల్లగా చల్లార్చకపోతే తర్వాతెప్పుడో చిట్లుతుంది. వెండి, బంగారాల ఆవిరి పీల్చకూడదు; బయటికి లాగే ఫ్యాన్ ఉండాల్సిందే.

గాజుపని తెలిసిన పాఠకులు