ఊరేగింపు గుర్రం గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి,

కృష్ణలంక నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

మొన్న మాఘమాసంలో మా బంధువుల పెళ్లి ఊరేగింపు ఏలూరు రోడ్డు మీద వెళ్తోంది. పెళ్లికొడుకు తెల్ల గుర్రం ఎక్కాడు. ముందు డీజే బండి, వెనక జనరేటర్, మధ్యలో డాన్సులు. ఎవరో గుర్రానికి రెండు గజాల దూరంలో టపాకాయల సరం అంటించారు. గుర్రం ఒక్కసారిగా పక్కకు దూకి వెనక కాళ్లు విసిరింది. పెళ్లికొడుకు జీను పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాడు. వెనక గంతులేస్తున్న మా పిన్ని మనవడికి మాత్రం తన్ను తగిలి తొడ ఎముక విరిగింది. వాడికి తొమ్మిదేళ్లు. రెండు నెలలు కట్టుతో మంచం మీదే ఉన్నాడు.

ఆ రాత్రి జనం గుర్రాన్ని తెచ్చిన కుర్రాణ్ణి కొట్టబోయారు. పిచ్చి గుర్రాన్ని తెచ్చాడన్నారు. అది పిచ్చిది కాదండి. తనకు భయంగా ఉందని అరగంట నుంచీ చెబుతూనే ఉంది. చెవులు ఒక్క క్షణం నిలవకుండా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరుగుతున్నాయి. కంటి తెల్లగుడ్డు కనబడుతోంది. ముక్కుపుటాలు విప్పారాయి, తోక బిగబట్టింది. నేను చూశాను. చూసి కూడా, పెళ్లి సందడిలో అడ్డుపడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఇవి తెలియడానికి కారణం మా తాతయ్య. బెజవాడ స్టేషన్ నుంచి వన్‌టౌన్‌కి జట్కా తోలేవారు. గుర్రం దగ్గరికి వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే మమ్మల్ని గట్టిగా కేకలేసేవారు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా నుదురు ముందరా, తోక వెనకా మాత్రం దానికి కనబడదు. అందుకే ముందు పేరు పెట్టి పిలిచి, ఎడమ భుజం వైపు నుంచి నెమ్మదిగా రమ్మనేవారు. దాని వెనక నుంచి అవతలి పక్కకు వెళ్లాల్సి వస్తే దాని వీపు మీద చెయ్యి తియ్యకుండా ఆనుకుని వెళ్లాలి, లేదంటే కాలు అందనంత దూరం నుంచి వెళ్లాలి. పగ్గాన్ని ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు. గుర్రం పరిగెత్తితే మనిషిని ఈడ్చుకుపోతుంది.

వెనక కాలు ఒకటి వాల్చి, తల దించి, కింది పెదవి వేలాడేసి నిలబడితే గుర్రం సేద తీరుతోందని అర్థం. అదే కాలు ఎత్తి, చెవులు మెడకు అంటుకునేలా వెనక్కి వంచిందంటే దగ్గరికి రావద్దని చెబుతున్నట్టు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ఎంతమంది పిల్లలు దెబ్బలు తిన్నారో!

గడ్డి మైదానాల్లో పులుల నుంచీ తోడేళ్ల నుంచీ పారిపోయి బతికిన జాతి ఇది. భయం వేస్తే ముందు పరిగెడుతుంది, పరిగెత్తే దారి లేనప్పుడే తంతుంది. మన ఊరేగింపులో ముందు స్పీకర్లు, వెనక జనం, రెండు పక్కలా లైట్లు. ఇంక దారి ఎక్కడుంది? పైగా మన చెవికి అందని సన్నటి శబ్దాలు కూడా దానికి వినబడతాయి. మైకు కీచుమంటే మనమే చెవులు మూసుకుంటాం, దాని సంగతి ఆలోచించండి. గుర్రం కదిలినప్పుడల్లా నోట్లో కళ్లెం గుంజితే ఆ నొప్పికి తల ఇంకా ఎగరేస్తుంది. ముళ్లున్న కళ్లెం వాడకూడదని బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది. అయినా ఊరేగింపు గుర్రాల నోట్లో ఏం పెడుతున్నారో చూసేవాళ్లెవరు?

తర్వాత ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. గుర్రానికి దాణా పెట్టడం, జీను కట్టడం తప్ప తనకు ఎవరూ ఏమీ నేర్పలేదన్నాడు. టపాకాయలు వద్దని రెండుసార్లు చెప్పాడట, పెళ్లివారు వినలేదు. గుర్రాలను పూర్తిగా నిషేధించమని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. అలా చేస్తే ఈ కుర్రాళ్ల కూడు పోతుంది, గుర్రాలు రోడ్డున పడతాయి.

నేను కోరేది చిన్న పనే. ఊరేగింపుకి పోలీసు అనుమతి ఇచ్చేటప్పుడే కొన్ని షరతులు రాయించండి. గుర్రం ఉన్న చోట టపాకాయలు కాల్చకూడదు. డీజే బండి దానికి దూరంగా ఉండాలి. గుర్రం వెనక పిల్లలు చేరకుండా చూసే బాధ్యత పెళ్లివారిలో ఒక పెద్దమనిషికి అప్పగించాలి. ముళ్ల కళ్లెం కనిపిస్తే గుర్రాన్ని అక్కడే ఆపేయాలి.

ఇక రెండోది, గుర్రాలు నడిపేవాళ్లకు శిక్షణ. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడి అధ్యాపకులకు ఇవన్నీ నాకంటే ఎన్నో రెట్లు బాగా తెలుసు. ఒక్కరోజు తరగతి పెట్టి, చెవులు ఎలా చూడాలో, భయపడిన గుర్రాన్ని గుంపులోంచి పక్కకు ఎలా తప్పించాలో నిజం గుర్రం పక్కన నిలబెట్టి చూపిస్తే చాలు. ఆ రోజు కూలి పోకుండా భత్యం ఇప్పించండి, లేకపోతే ఎవరూ రారు.

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఆ తరగతి పెట్టిస్తే, ఆ కుర్రాణ్ణి బస్సెక్కించి నేనే గన్నవరం తీసుకొస్తాను. వస్తానని నాకు మాటిచ్చాడు.

ఇట్లు,
కృష్ణలంక నివాసి, ఒక జట్కావాలా మనవరాలు