హీటర్ లైన్ కట్టేస్తే మరమ్మతు అయిపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వాహనాల పేజీలో ఇటీవల ఒక పాఠకుని ప్రశ్నకు ఇచ్చిన సమాధానం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. తన కారులో హీటర్ కోర్, అంటే మన మెకానిక్కులు హీటర్ కాయిల్ అని పిలిచే భాగం, కారుతోందని ఆయన రాశారు. మన ఎండల ప్రాంతంలో హీటరుతో పనేముంది, ఇంజన్ నుంచి లోపలికి వెళ్లే రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేసి ఆ కాయిల్ సంగతి మరిచిపొమ్మని మీ సలహాదారు చెప్పారు. తిరుపతి, చిత్తూరు షెడ్లలో సాధారణంగా జరుగుతున్నది కూడా అదే. దారి మధ్యలో కారు ఆగిపోతే ఇంటికి చేరడానికి చేసుకునే ఏర్పాటుగా దాన్ని నేను ఒప్పుకుంటాను కానీ, మరమ్మతుగా ఒప్పుకోలేను. ఓపిక, మామూలు పనిముట్లు ఉన్నవారు చాలా కార్లలో ఈ కాయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. ఘాట్ రోడ్డు బస్సులు బాగుచేసే గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ని కనుక, ఈ సంగతి కొంత వివరంగా రాసే చొరవ తీసుకుంటున్నాను.

హీటర్ కాయిల్ అనేది డ్యాష్‌బోర్డు వెనుక, చాలా కార్లలో ఏసీ కూలింగ్ కాయిల్ ఉన్న పెట్టెలోనే, ఇమిడి ఉండే చిన్న రేడియేటర్. ఇంజన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ ఒక పైపు గుండా అందులోకి వచ్చి మరో పైపు గుండా తిరిగి వెళుతుంది. బ్లోయర్, అంటే లోపలి ఫ్యాను, విసిరే గాలి దాని మీదుగా వీచి వెచ్చబడుతుంది. అనేక కార్లలో మనం హీటర్ వాడినా వాడకపోయినా ఆ కూలెంట్ తిరుగుతూనే ఉంటుందన్నది చాలామంది గమనించని విషయం. నాబ్‌ను చల్లటివైపు తిప్పినప్పుడు లోపలి రేకు తలుపు గాలి దారిని మళ్లిస్తుందే తప్ప కూలెంట్ దారి మూతపడదు. కనుక మే నెలలో ఏసీ వేసుకుని రేణిగుంట రోడ్డు మీద వెళుతున్నప్పుడు కూడా, ముందు సీట్లో కూర్చున్నవారి కాళ్లకు కాస్త ఎడంగా, దాదాపు 90 డిగ్రీల వేడి ద్రవం ఒత్తిడి మీద ప్రవహిస్తూ ఉంటుంది. పుచ్చిపోయిన కాయిల్ ఒక్కసారిగా పగిలితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. వాడని వస్తువే కదా అని కారుతున్నదాన్ని అలాగే వదిలేసి తిరగడం అన్నిటికన్నా ప్రమాదకరం.

ఇక హీటరుతో పనేముందన్న మాటకు వస్తాను. తిరుపతి వీధుల్లో వెచ్చదనం కోసం హీటర్ వేసుకునేవారు లేరన్నది నిజమే. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో, తడిసిన బట్టలతో నలుగురైదుగురు కూర్చున్న కారు అలిపిరి దాటి పైకి ఎక్కుతుంటే, ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వేడిచేస్తుంది. రెండూ కలిసి పనిచేసినప్పుడే అద్దం త్వరగా తేటపడుతుంది. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్‌లో చలికాలం తెల్లవారుజామున దిగిన డ్రైవర్లను అడిగితే హీటర్ దండగ అని ఒక్కరూ అనరు. ఎండాకాలంలో దానికి మరో ప్రయోజనం ఉంది. తిరుమలకు 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు బండ్లు పైకి వెళుతున్నాయి. నిండా మనుషులతో, తక్కువ గేరులో ఎక్కుతున్న కారు ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు జరిగితే, ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ గట్టిగా పెట్టి, కిటికీలు దించుకోవడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. లోపలివారికి చెమటలు పడతాయి కానీ, ఇంజన్ వేడిలో కొంత ఆ చిన్న రేడియేటర్ గుండా బయటికి పోయి, బండి పక్కకు తీసి ఆపేందుకు చోటు దొరికేదాకా ఇంజన్ పైభాగం అతుకును మూసి ఉంచే హెడ్ గాస్కెట్ దక్కుతుంది. పైపులు కలిపేసిన కారుకు ఆ ఆసరా ఉండదు. కొందరైతే పైపులను కనీసం ఒకదానికొకటి కలపకుండానే రెండు మూతలు బిగించి పంపిస్తారు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే కవాటం, దగ్గరికి వేడి కూలెంట్ చేరేది హీటర్ లైన్ గుండానే కాబట్టి, ఇలా మూసేస్తే అది తెరుచుకోవలసిన వేళకు తెరుచుకోదు.

కాయిల్ మార్చడానికి పూనుకునే ముందు తప్పు దానిదేనా అని తేల్చుకోవాలి. డ్యాష్‌బోర్డు విప్పిన తరువాత తెలిసి లాభం లేదు. ఎడమవైపు ముందు సీటు కింద కార్పెట్ తడిసిందంటే అందరూ హీటర్ కాయిల్‌నే అనుమానిస్తారు. కానీ మన ఊళ్లలో ఎక్కువసార్లు అది ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టంలో దుమ్ము, ఆకులు అడ్డుపడి వెనక్కి మళ్లిన నీరే. ఆ నీరు స్వచ్ఛంగా ఉంటుంది, వాసన ఉండదు. కూలెంట్ అయితే వేళ్లకు జిగటగా, జారుడుగా తగులుతుంది, రంగు ఉంటుంది, కారులో తియ్యటి వాసన పేరుకుంటుంది, అద్దం మీద పట్టిన మసక గుడ్డతో తుడిస్తే పోకుండా నూనె పూసినట్టు అలుక్కుంటుంది. దాన్ని నాలుకతో మాత్రం రుచి చూడకూడదు, అది విషం. కింద ఎక్కడా చుక్క పడకుండా రిజర్వ్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండడం మరో ఆనవాలు.

కారడం లేదు, వేడిగాలి మాత్రం రావడం లేదు అనేవారు పైపుల మీద చెయ్యి పెట్టి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఫ్యాను బెల్టుకు దూరంగా జాగ్రత్త పడుతూ, ఇంజన్‌కూ కారు లోపలి భాగానికీ మధ్య ఉన్న రేకు గోడలోకి వెళ్లే రెండు హోస్ పైపులనూ తాకాలి. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కాయిల్ పూడుకుపోయింది. రెండూ వేడిగానే ఉండి గాలి చల్లగా వస్తుంటే కాయిల్ నిక్షేపంగా ఉంది, లోపలి తలుపును కదిపే కేబులో, చిన్న మోటారో పాడైంది. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గి గాలి చేరిందేమో, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో ముందు చూడాలి. పూడుకున్న కాయిల్‌ను కూడా వెంటనే పీకనక్కరలేదు. ఇంజన్ చల్లారాక రెండు హోసులూ విప్పి, కూలెంట్ మామూలుగా పోయే దిశకు ఎదురుగా తోట పైపుతో మెల్లగా నీళ్లు వదిలితే, తుప్పు, మడ్డి కొట్టుకొచ్చి చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. సర్వీసు స్టేషన్‌లో బండి కడిగే ప్రెషర్ గన్ పెట్టారంటే పలచటి అల్యూమినియం గొట్టాలు చిట్లిపోతాయి.

కాయిల్ ఎందుకు పోతుందో చెప్పకుండా మార్చే విధానం చెప్పడం అన్యాయం, ఎందుకంటే కారణం అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. మన జిల్లాల్లో ప్రధాన కారణం బోరు నీళ్లు. గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునే గార ఎలాంటిదో రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్లు లోపల పట్టించేదీ అలాంటిదే; హీటర్ కాయిల్ గొట్టాలు రేడియేటర్ గొట్టాల కన్నా సన్నం కనుక ముందుగా అదే మూసుకుంటుంది. కూలెంట్ అంటే చలిదేశాల్లో గడ్డకట్టకుండా పోసే ద్రవమనుకుని మనకెందుకనేవారు ఉన్నారు. అందులోని రసాయనాలు లోహాన్ని తుప్పు నుంచి కాపాడతాయి. పైగా సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన ద్రవం మామూలు పీడనంలోనే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు, రేడియేటర్ మూత ఒత్తిడితో ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. ఆ రక్షక రసాయనాలు కాలక్రమంలో అరిగిపోతాయి కనుక కంపెనీ చెప్పిన గడువుకు కూలెంట్ మార్చాలి. పచ్చదా, ఎర్రదా అని రంగు చూసి రకం నిర్ణయించడం కుదరదు, మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి. రెండో కారణం, రేడియేటర్ లీకుకు పసుపు పోయడం. దారిలో గత్యంతరం లేనప్పుడు ఆ చిట్కాతో ఇల్లు చేరినవారిని నేను తప్పుపట్టను. చేరిన తరువాత, సన్నటి గొట్టాలను పూడ్చే ఆ పసుపు ముద్దను కడిగించకుండా నెలల తరబడి తిప్పేవారినే అంటున్నాను. డబ్బాల్లో అమ్మే లీకు పొడులదీ అదే గుణం. కొత్త కాయిల్ కూడా త్వరగా చిల్లులు పడితే మాత్రం ఇంజన్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపే ఎర్త్ వైరు చూడాలి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని లోహానికి తగలకుండా కూలెంట్‌లో పెట్టి చూసినప్పుడు పదోవంతు వోల్టుకు మించి చూపిస్తే, కరెంటు కూలెంట్ గుండా పారుతూ లోహాన్ని తినేస్తోందని అనుమానించాలి.

ఇంటి దగ్గర పని ఎక్కడ ఆపాలన్నది కారును బట్టి ఉంటుంది. కొన్ని కార్లలో పెడళ్ల పక్కనో, గ్లవ్ బాక్స్ వెనుకనో ఒక మూత తీసి, రెండు పైపులు విడదీస్తే కాయిల్ సొరుగులా బయటికి జారుతుంది. అలాంటి కారున్నవారు నిస్సంకోచంగా చేసుకోవచ్చు. మరికొన్నింటిలో డ్యాష్‌బోర్డు మొత్తం, దాని వెనుక ఇనుప కమ్మీ, స్టీరింగ్ కాలమ్ బోల్టులు కూడా విప్పితే కానీ పెట్టె రాదు. ఆ పెట్టె తీయాలంటే ఏసీ పైపులు విప్పాలి. పైపుల్లోని గ్యాసును యంత్రంతో వెనక్కి లాగించుకోవాలి తప్ప గాలిలోకి వదలకూడదు. చర్మానికి తగిలితే గడ్డకట్టించే చలితో గాయం చేస్తుంది, మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్134ఏ గ్యాసు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. 2019 జూలై నుంచి డ్రైవరుకు, 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటువారికి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ఆ రెండోది ఉండేది డ్యాష్‌బోర్డులోనే. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగకుండా పసుపుపచ్చ ఎయిర్‌బ్యాగ్ సాకెట్లను ముట్టుకోకూడదు. ఈ రెండూ ఎదురయ్యే కారు అయితే అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. వీడియోల్లో అరగంటలో ముగిసినట్టు కనిపించే పనికి ఇంట్లో ఒక ఆదివారం చాలకపోవచ్చు.

పని మొదలుపెట్టేవారు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద రేడియేటర్ మూత తీయకూడదు. కూలెంట్ దించాక, ఏళ్ల తరబడి అతుక్కుపోయిన హోసులను మెలితిప్పి లాగితే కాయిల్ గొట్టం వంగిపోతుంది. బయటికి కాస్త మిగిలేలా కోసి, చీల్చి తీసి, కొత్త హోసులు, కొత్త క్లిప్పులు వేయడం చవక. విప్పే ప్రతి సాకెట్‌నూ ఫోనులో ఫొటో తీసుకోవాలి. కొత్త కాయిల్‌ను పాతదాని పక్కన పెట్టి గొట్టాల వంపు, మందం పోల్చి చూడాలి. దాని అంచుల చుట్టూ స్పాంజి పట్టీ అంటించడం మరిచిపోతే గాలి కాయిల్ గుండా కాక పక్కల నుంచి జారిపోయి, ఇంత శ్రమకూ వేడి రాదు. పైపుల కలయిక దగ్గర ఓ-రింగులు, అంటే లీకు ఆపే రబ్బరు వలయాలు, కొత్తవి కావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన దశను హడావుడిలో దాటేస్తుంటారు. డ్యాష్‌బోర్డు మూయకముందే కూలెంట్ పోసి, తీసిన ఎయిర్‌బ్యాగ్ సాకెట్లు ఉంటే బ్యాటరీ కలిపేలోపే వాటిని బిగించి, ఇంజన్ వేడెక్కి రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఉంచి, కాయిల్ చుట్టూ పొడి కాగితంతో అద్ది చూడాలి. కూలెంట్ పోసేటప్పుడు హీటర్ నాబ్ పూర్తి వేడివైపు ఉండాలి, కారు ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపితే గాలి బుడగలు తేలిగ్గా పైకి వస్తాయి. డ్యాష్‌బోర్డు వెనుక గళగళమని నీళ్లు పారే చప్పుడు వస్తుంటే గాలి ఇంకా ఉందన్నమాట. చల్లారాక మట్టం చూసి మళ్లీ నింపాలి.

దించిన పాత కూలెంట్ గురించి కూడా మీ పేజీ ఒక్క మాట రాయవలసింది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక వీధి కుక్కలు, ఆవులు తాగుతాయి; కొద్దిపాటి మోతాదే మూత్రపిండాలను దెబ్బతీసి చంపగలదు. పశువులు స్వేచ్ఛగా తిరిగే మన ఊళ్లో దాన్ని మురుగుకాలువలో పోయడం, వెడల్పు బేసిన్‌లో ఆరుబయట వదిలేయడం ఘోరం. మూత గట్టిగా బిగిసే డబ్బాలో పోసి, పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ఆయిల్, కూలెంట్ సేకరించే పెద్ద వర్క్‌షాపుకు అప్పగించాలి.

ఇంటి దగ్గర చేసుకోలేనివారు షెడ్డుకు ఇచ్చేటప్పుడు పైపులు కలపవద్దని ముందే చెప్పి, పాత కాయిల్‌ను తమకు చూపించమని, కూలెంట్ డబ్బా సీలు తమ ఎదుట తీయమని, డ్యాష్‌బోర్డు మూయకముందు ఇంజన్ నడిపి చూపమని అడగాలి. పైపులు కలపడం ఇల్లు చేరేవరకే పనికొస్తుందన్న సవరణను మీ వాహనాల పేజీలో, వీలైతే వానలు మొదలయ్యేలోపు, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి.