అసిస్టెంట్లకు కనపడని తెలుగు

సంపాదకులకు నమస్కారం.

గూగుల్‌లో వెతకడం తగ్గించి జనం ఏఐ అసిస్టెంట్లనే అడుగుతున్నారని ఈ మధ్య మీ పేజీల్లో తరచూ రాస్తున్నారు. నిజమే. 2025లో ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీని, జియో జెమినిని తమ కస్టమర్లకు ఉచితంగా ఇచ్చాక మా తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఫోనుతో మాట్లాడి జవాబు తెలుసుకోవడం మామూలైపోయింది. అయితే ఆ కథనాల్లో ఎక్కడా నాకు కనపడని సంగతి ఒకటుంది. ఇరవయ్యేళ్లకు పైగా డీటీపీ పనిలో, అంటే అచ్చుకి వెళ్లే పేజీలను కంప్యూటర్‌లో కంపోజ్ చేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్పాల్సిన బాధ్యత ఉందనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రభుత్వ ఆఫీసులు, సంఘాలు, ప్రచురణకర్తలు అచ్చు వేయించిన తెలుగులో చాలా భాగం ఈ అసిస్టెంట్లకు అసలు తెలుగులాగే కనపడదు.

కారణం ఫాంటు. మా షాపుల్లో పని ఇప్పటికీ ఎక్కువగా అనూ అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. తెర మీద మనకు 'క' కనపడుతుంది కానీ ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. దాని బొమ్మ తీసేసి ఆ చోట తెలుగు అక్షరం బొమ్మ పెట్టారు. కాగితం మీద అచ్చు వేసుకున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. ఆ ఫైలుని పీడీఎఫ్ చేసి, అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, కొటేషన్ మార్కులు గుదిగుచ్చినట్టు పడతాయి. వెతికే యంత్రానికి అందేది అదే. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో టైపు చేస్తే 'క'కి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే నంబరు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చారు. అయినా మన ఫైళ్లు ఇంకా అటు పోలేదు.

దీనివల్ల ఏం జరుగుతోందో చెప్తాను. ఖరీఫ్ ముందు ఒక కౌలు రైతు జెరాక్స్ కోసం షాపుకి వచ్చాడు. "అబ్బాయ్, కౌలు కార్డుకి పొలం ఓనరు సంతకం అక్కర్లేదని ఫోను చెప్తోంది. వీఆర్వో గారేమో సంతకం లేందే కుదరదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?" అన్నాడు. ఫోను తీసుకుని జవాబు మొత్తం చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో లైసెన్స్‌డ్ సాగుదారుల చట్టం వచ్చింది. రుణ అర్హత కార్డులు దాని కింద ఇచ్చినవే. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దీని ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఫోను ఈ రెండింటినీ కలిపేసి, పాత చట్టం మాట కొత్త కార్డుకి అంటగట్టింది. 2011 చట్టం గురించి ఇంగ్లీషులో బోలెడు రాతలున్నాయి, అవన్నీ దానికి చదవడానికి వీలుగా ఉన్నాయి. కొత్త నిబంధన వివరంగా ఉన్న తెలుగు కరపత్రం మా షాపులోనే కంపోజ్ అయింది. దాని పీడీఎఫ్ నెట్‌లో పెట్టారు కూడా. అనూలో ఉంది కాబట్టి ఫోనుకి అది లేనట్టే లెక్క. "బాబాయ్, వీఆర్వో గారి మాటే కరెక్టు" అని, ఆ కరపత్రమే ప్రింటు తీసి చేతికిచ్చాను.

అలాంటి పీడీఎఫ్ పాత పద్ధతిలోనూ సరిగ్గా దొరికేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఫైలు పేరో, ఇంగ్లీషు హెడ్డింగో పట్టుకుని గూగుల్ దాన్ని ఏ అడుగునో చూపించేది. ఓపికున్నవాళ్లు తెరిస్తే కళ్లతో చదువుకునేవాళ్లు. ఇప్పుడు ఆ తెరవడమే పోతోంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2025 మార్చిలో 900 మంది బ్రౌజింగ్‌ని పరిశీలించింది. గూగుల్ పేజీలో ఏఐ సారాంశం లేనప్పుడు వంద సందర్శనల్లో 15 సార్లు ఏదో ఒక ఫలితం మీద నొక్కారు, సారాంశం ఉన్నప్పుడు 8 సార్లే. సారాంశం లోపల ఇచ్చిన లింకుని నొక్కింది ఒక్క శాతం. అంటే జవాబులోకి ఎక్కని కాగితాన్ని ఇక ఎవరూ చూడరు. తెలుగులో సరైన సమాచారం ఉండి కూడా ఇంగ్లీషులో ఉన్న పాత సమాచారం మన రైతుకి తెలుగులో అనువాదమై చేరుతోంది. భాష తేటగా ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. నాకు భయం వేసేది ఇక్కడే.

పేజీని బొమ్మలా చూసి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, బాగుపడుతున్నాయి కూడా. కానీ మసక స్కానింగులో థ, ధ కలిసిపోతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. సర్వే నంబర్లు, గడువు తేదీలు ఉన్న కాగితాన్ని అలాంటి ఊహ మీద వదిలేయకూడదు.

సంపాదకులవారూ, మీ రంగానికి కూడా ఇందులో పని ఉంది. పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లోకి వచ్చి చాలా ఏళ్లయింది, సంతోషం. కానీ జిల్లా పేజీల్లో వచ్చే చిన్న వార్తలు, యార్డులో మిర్చి ధర, కాలవకి నీళ్లు వదిలే తేదీ, ఈ-పేపర్‌లో బొమ్మగానే ఉండిపోతున్నాయి. మా వార్తలు ఏఐ కంపెనీలకు ఊరికే ఎందుకివ్వాలని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తన వార్తలను అనుమతి లేకుండా వాడుకుందని ఏఎన్ఐ వార్తా సంస్థ, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ మీద 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది కూడా. మీ కష్టానికి డబ్బు రావాల్సిందే. అయితే ప్రజల డబ్బుతో అచ్చయ్యే కరపత్రానికి, జీవోకి ఆ పేచీ లేదు. కనీసం వాటి కోసం మీ పత్రిక గట్టిగా అడగాలి.

మా ఆపరేటర్ల ఇబ్బంది కూడా రాయాలి. వేళ్లు అనూ ఆపిల్ కీబోర్డుకి అలవాటు పడ్డాయి. పేజ్‌మేకర్ యూనికోడ్ తీసుకోదు, దాన్ని తీసుకునే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి మారాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. పెళ్లి కార్డుకి, ఫ్లెక్సీకి కావాల్సినన్ని సోకుల అక్షరాలు అనూలో ఉన్నాయి. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా ఆ వైవిధ్యం ఇంకా రాలేదు. పైగా రేపు పొద్దున్నకి కావాలన్న పనిలో ఎవరూ కొత్తది నేర్చుకోరు. అందుకే మారమని మమ్మల్ని తిట్టడం వల్ల లాభం లేదు, పని ఇచ్చేవాళ్లు అడగాలి.

అడగడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ప్రింటింగ్ ఆర్డరులో ఒక షరతు చేరిస్తే చాలు: పీడీఎఫ్‌తో పాటు అదే మాటర్ యూనికోడ్ టెక్స్టుగా కూడా ఇవ్వాలి, దాన్ని ఆఫీసు తన వెబ్‌సైట్‌లో మామూలు పేజీగా, తేదీ వేసి పెట్టాలి. అనూ నుంచి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి చదివి దిద్దాలి. నాలుగు పేజీల కరపత్రానికి గంటలోపు పని. ఆ గంటకి ప్రూఫ్ చదివే రేటు ఇస్తే ఏ షాపువాడూ కాదనడు. వ్యవసాయం, రెవెన్యూ, వైద్యం, ఈ మూడు శాఖల కరపత్రాలతో మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల అధికారులను కోరుతున్నాను. మా షాపులో పాత ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. వాటిలో తమవి కావాలని ఏ ఆఫీసు అడిగినా మార్చి, దిద్ది ఇస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి