రేడియేషన్ లెక్క సిబ్బందికి చెప్పరా?

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ రోగులు పెట్ సీటీ స్కాన్ కోసం ఇక హైదరాబాద్ పోనక్కర్లేదని పోయిన వారం మీ జిల్లా పేజీలో రాశారు. సంతోషం. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లకు అది చాలా మేలు. కానీ అంత పెద్ద వార్తలో, ఆ స్కాన్‌కు ముందు ఇచ్చే రేడియోధార్మిక మందును రోజూ సిరంజిలోకి తీసి రోగికి ఎక్కించే టెక్నీషియన్ల గురించి ఒక్క ముక్క లేదు.

మా అన్న బిడ్డ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ పనే చేస్తోంది. ఛాతీ మీద పెట్టుకోవడానికి టీఎల్‌డీ బ్యాడ్జీ ఇచ్చారు. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కు పంపి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తీయిస్తారు. ఎంతొచ్చిందని అడిగితే "అంతా నార్మలే, నీకెందుకమ్మా" అన్నారట. నీకెందుకు అంటే ఏమిటి? తగిలింది ఆమె ఒంటికి కదా! సిరంజి పట్టేది వేళ్లతో. వేలికి పెట్టుకునే రింగు బ్యాడ్జీ మాత్రం ఇవ్వనే లేదు. ఇంజెక్షన్ అయిన రోగిని వీల్‌చైర్‌లో తోసే వార్డుబాయ్‌కి, ఆ రోగి వాడిన బాత్రూమ్ కడిగే ఆయమ్మకు ఏ బ్యాడ్జీ లేదు.

సీసం ఏప్రాన్ ఉందిగా అంటారు. ఎక్స్‌రే గదిలో పనికొచ్చే ఆ ఏప్రాన్, ఈ మందులోని రేడియోధార్మిక పదార్థం ఫ్లోరిన్-18 వల్ల వచ్చే గామా కిరణాలను పెద్దగా ఆపలేదు. మందమైన సిరంజి షీల్డు వాడాలి, దూరం పాటించాలి, రోగి దగ్గర తక్కువసేపు ఉండాలి. పైగా హైదరాబాద్ నుంచి కారులో వచ్చే ఈ మందులో రేడియోధార్మికత 110 నిమిషాలకే సగమైపోతుంది. అందుకని రాగానే ఉరుకులు పరుగులు. ఉన్న ఒక్క అమ్మాయితోనే అన్ని కేసులూ చేయిస్తే ఆమె దూరం పాటించేదెప్పుడు?

రూల్స్ లేక కాదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచి ఉంది. సిబ్బంది ఒంటికి తగిలే రేడియేషన్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భిణి అని తెలిపాక కడుపులోని బిడ్డకు 1 మించకూడదు. మా బిడ్డకు ఈమధ్యే పెళ్లయింది. ఇంట్లో అందరికీ టెన్షనే.

సింగరేణిలో క్యాప్ ల్యాంప్ లేకుండా కార్మికుణ్ణి బాయిలోకి దింపరు. ఆసుపత్రుల్లో ఆ పట్టింపు ఏదీ? ముంబైలో ఉండే మండలి రోజూ వచ్చి చూడలేదు. ఇక్కడి అధికారులైనా చూడాలి కదా! ఫైర్ సేఫ్టీ అయినా, లిఫ్టులైనా, ఆసుపత్రి చెత్త అయినా ఇదే తంతు. రిజిస్టర్‌లో సంతకం ఉంటే చాలు, తనిఖీ అయిపోయినట్టే. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు రేడియోధార్మిక కోబాల్ట్-60 చేరి ఒక మనిషి ప్రాణం పోయింది. ఇక్కడా ఎవరో ఒకరు పోయాకే కదులుతారా?

మూడు నెలల లెక్కను ప్రతి ఒక్కరికీ కాగితం మీద ఇచ్చి సంతకం తీసుకోవాలి. రింగు బ్యాడ్జీలు ఇవ్వాలి. ఆయమ్మలను, వార్డుబాయ్‌లను కూడా ఈ లెక్కలోకి తేవాలి. మా బిడ్డ చేరిన రోజు నుంచి ఉన్న పాత లెక్కలు కూడా ఆమె చేతికి రావాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ