ఒరేయ్ సున్నా, నీ ప్రశ్నకి జవాబు దొరికింది

ఒరేయ్ సున్నా,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా అయింది, ఇప్పుడు నా చొక్కా మీద మరకలన్నీ లెక్కపెడుతోంది. మిర్చికి రేటు లేదు. చిన్నోడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇంటి సంగతులు అయిపోయాయి, ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పొచ్చుగా అంటావేమో. చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు.

శివరాత్రి తిరునాళ్ళలో బండలాగుడు పందెం. రాత్రిపూట, ఫ్లడ్ లైట్ల కింద. సేద్యపు విభాగంలో ఎవరి జత దిగిందనుకున్నావ్? మీ పెదనాన్నది! ఈ వయసులో! 14 క్వింటాళ్ళ బండ, 20 నిమిషాల టైము. విజిల్ వేశారు. ఎడ్లు ముందుకు వంగాయి, మోకు బిగిసింది. బండ కదల్లేదు. మళ్ళీ లాగాయి. ఊహూ. రెండు నిమిషాలు గడిచాయి. దాపటి ఎద్దు నోట నురగ, వలపటిదాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మైకువాడు కూడా నోరు మూశాడంటే చూసుకో.

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చావురా. తొమ్మిదో తరగతి. పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణించడం, కాబట్టి గోడని రోజంతా నెట్టినా అది కదలకపోతే పని సున్నా అన్నారు మాస్టారు. నువ్వు లేచి, "మా నాన్న కాటా దగ్గర బస్తా నెత్తినెట్టుకుని గంట నిలబడ్డాడు సార్, ఆయన పనీ సున్నాయేనా?" అన్నావు. "సున్నాయేరా" అన్నారాయన. క్లాసంతా నవ్వింది, నువ్వు తప్ప. ఆ సాయంత్రానికే నీ పేరు సున్నా. పెట్టింది నేనే, ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నా. ఇప్పుడు నేనూ పన్నెండేళ్ళుగా పిల్లలకి అదే సున్నా చెప్తున్నా, చూడు.

కానీ ఆ ఎడ్లని చూస్తూ సున్నా అనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశా. మాస్టారిదీ తప్పు కాదు, నీదీ తప్పు కాదు. బండ మీద జరిగిన పని సున్నా, ఎద్దు ఖర్చుపెట్టిన శక్తి మాత్రం సున్నా కాదు. కండ ఒకసారి బిగించి వదిలేసే కొక్కెం కాదురా. దాని లోపలి సన్నటి పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవడం, లాగడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. ప్రతి పట్టుకీ తిన్న మేతలోంచి కొంత ఖర్చవుతుంది. బయట అంగుళం కదలకపోయినా లోపల ఆ ఖర్చు ఆగదు, వేడై పోతుంది. నీ క్రేనుకి ఆ బాధ లేదు, బ్రేకు వేస్తే లోడు ఊరికే వేలాడుతుంది. మీ నాన్న మెడకి బ్రేకు లేదు కదా. ఆయన ఉండుంటే ఈ మాట... సరేలే.

పందెం మధ్యలో వదిలేశా కదూ. మీ పెదనాన్న ఎడ్లని ఆపాడు. "నిలబడ్డ బండకి పొగరెక్కువ, కదిలిందా మాట వింటది" అంటూ జతని ఎడమకి తిప్పి పక్కవాటుగా లాగించాడు. ఓ మూల కిర్రుమంది. అంతే! వెంటనే జతని తిన్నగా తిప్పడం, ఇక అవి ఆగితే ఒట్టు. స్థైతిక ఘర్షణ జారుడు ఘర్షణ కన్నా ఎక్కువని నేను బోర్డు మీద రెండు పీరియడ్లు గీస్తా.

న్యూటన్ కూడా 1687లో మూడో సూత్రానికి ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు తెలుసా? గుర్రం తాడు కట్టి రాయిని లాగితే, రాయీ గుర్రాన్ని అంతే బలంగా వెనక్కి లాగుతుందని. మరి కదిలేదెలా అంటావు. గిట్టల్రా! ఎద్దు నేలని వెనక్కి నెడుతుంది, నేల ఎద్దుని ముందుకి నెడుతుంది. బండని పట్టి ఆపే ఘర్షణే గిట్టకి ఆసరా. అది లేకపోతే ఏమవుతుందో నీకు చెప్పాలా? పదో తరగతి వీడ్కోలు రోజు, వరండా, సబ్బునీళ్ళు. ఇంకేం రాయను, మా ఆవిడ చదువుతుంది.

మొత్తం 2,400 అడుగులు, మూడో బహుమతి! తెల్లారుజామున నిద్రపట్టక లెక్కేశా. 1,400 కిలోల బండ, బరువు 13,700 న్యూటన్లు. ఘర్షణ అందులో సగం అనుకున్నా, అంచనాయే, కొట్లాడకు. దూరం 730 మీటర్లు. 50 లక్షల జౌళ్ళురా! 1,200 సెకన్లతో భాగిస్తే దాదాపు 4,200 వాట్లు. హార్స్‌పవరుకి 746 చొప్పున ఐదున్నర. మీ చేలో బోరు మోటారు ఐదే కదూ? పైగా వీటికి కరెంటు కోత లేదు.

మరి అంత శక్తీ ఎటు పోయింది? బండ మెట్ట ఎక్కలేదు, చివరికి ఆగిపోయింది కూడా. పందెమయ్యాక ట్రాక్టరుతో దాన్ని ఒరిగించినప్పుడు చెయ్యి పెట్టి చూశా. పైన మంచుకి చల్లగా, అడుగున వెచ్చగా ఉంది. మీ పెదనాన్నని పిలిచి ఆయన చెయ్యీ పెట్టించా. "దానిక్కూడా జొరమొచ్చిందా" అన్నాడు.

నీ గురించి అడిగాడు. అది వేరే రాస్తా. ఇంకో సందేహం, నువ్వే చెప్పాలి: మోకు పొట్టిదైతే ఏటవాలు పెరిగి, లాగుడులో కొంత బండని పైకి లేపుతుంది కదా, నేల మీద ఒత్తిడి తగ్గాలి కదా, మరి వీళ్ళు అంత పొడుగు మోకు ఎందుకు... మీ బావ హారన్ కొడుతున్నాడు, ఫ్లైటు టైమైందట. గోంగూర జాడీ కిందే ఈ ఉత్తరం పెడుతున్నా, నూనె అంటితే నన్ను