పంతులుగారింటికి సిమెంటు పూయించకు

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. అంతా బాగానే రాశావు గానీ, "పురావస్తు శాఖవాళ్ళు చూడ్డానికి వచ్చేలోపు గోడలకి సిమెంటు పూయించి, రంగేయించి ఇల్లు ముస్తాబు చేస్తాను" అన్న ముక్క దగ్గర నా గుండె గుభేలుమంది. ముందు ఆ మేస్త్రీని ఆపు. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే ఇచ్చావు, దాంతో దొడ్డి గోడ కట్టించుకో. ఇంటి జోలికి మాత్రం రానివ్వకు.

మన పర్లాకిమిడి వైపున్న ఆ పాత ఇల్లు ఒకప్పుడు బడిపంతులు ఉన్న ఇల్లని చారిత్రక కట్టడాల జాబితాకి ఎక్కించాలంటే, ఆ సంగతి ఆ ఇల్లే చెప్పాలి. చెప్పే నోళ్ళన్నీ ఆ గోడలమీదా అరుగుమీదా ఉన్నాయి. వాటిమీద సిమెంటు పడితే మిగిలేది ఒట్టి పాత కొంప.

అరుగుతో మొదలెట్టు. మద్రాసు ప్రెసిడెన్సీలో వీధి బళ్ళు అరుగుల మీదే నడిచేవి, ఇంగ్లీషు దొరలు వాటిని పయల్ స్కూళ్ళని రాసుకునేవారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించే చదువది. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, అరుగు అంచుని చూడు. పిల్లలు ఎక్కి దిగిన చోట అంచు గుండ్రంగా అరిగి, మిగతా చోట్ల కోసుగా ఉంటుంది. తర్వాత అరుగు వెనక గోడ. పంతులు కూర్చునే చోటికి దగ్గర్లో, భుజం ఎత్తున, సున్నం కింద నల్లటి పలకలాంటి జాగా ఉందేమో వెతుకు. పాత బ్లేడుతో అగ్గిపెట్టెంత మేర పొరలు పొరలుగా గీకు. పండక్కో పూత చొప్పున సున్నం పడి ఉంటుంది కాబట్టి ఉల్లిపాయలా విడుతుంది, ఒక్కో పొర కాగితమంత మందం. నలుపు ఏ పొరలో తగిలిందో, దానిమీద ఎన్ని పొరలున్నాయో రాసుకో. ఆ లెక్క సంవత్సరాలకి కచ్చితంగా సరిపోదు (మైల పండగలుంటాయి, డబ్బుల్లేని ఏడాదులుంటాయి), కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం తప్పదు. గీకిన చోటుని అలాగే వదిలెయ్. పూడ్చకు.

సిమెంటు ఎందుకొద్దంటున్నానో కూడా చెప్తాను, లేకపోతే నువ్వు మేస్త్రీ మాటే వింటావు. మట్టిగోడ నేలలోంచి చెమ్మ లాగుతుంది, పైనుంచి ఆరబెట్టుకుంటుంది. సున్నపు పూత ఆ ఆవిరిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. చెమ్మ లోపలే ఉండిపోయి పైపైకి ఎక్కుతుంది, పూత వెనకాల ఉప్పు పేరుకుంటుంది, గోడ చవుడెక్కుతుంది. కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి, వెనకాల మట్టిని కూడా పెళ్ళలుగా పట్టుకుని ఊడిపడుతుంది. అప్పుడు "పాత గోడ కదా, బలం లేదు" అంటారు. బలం లేనిది గోడకి కాదు! లోపల పాత సున్నపు గచ్చు తీసేసి సిమెంటు నేల వేసినా ఇదే తంతు. నేలలోంచి ఆరాల్సిన చెమ్మ పక్కకి తిరిగి గోడ ఎక్కుతుంది. ప్లాస్టిక్ రంగులు కూడా అంతే.

ఇప్పుడున్న పూత సున్నమో సిమెంటో తేల్చుకోవడానికి మేకుతో గీకి చూడు. సున్నం తెల్లగా పొడిపొడిగా రాలుతుంది. సిమెంటైతే బూడిదరంగు గీత పడి, మేకే అరుగుతుంది.

ఊడిన చోట్ల అతుకు వేయాలంటే రాళ్ళసున్నం తెచ్చి గుంటలో చల్లార్చి, పైన నీళ్ళు నిలబెట్టి, కనీసం 15 రోజులు నాననివ్వు. తొందరపడితే చల్లారని గులకలు పూతలో ఉండిపోయి తర్వాత ఉబ్బుతాయి, గోడమీద మశూచి పొక్కుల్లాగా తేలతాయి. ఒక పాలు సున్నం ముద్దకి రెండు నుంచి మూడు పాళ్ళు కడిగిన గరుకు ఇసుక. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కొందరు కలుపుతారు, కలిపితే మంచిదే. బెల్లం ఎక్కువైతే గోడ ఇంకా గట్టిపడుతుందని గుమ్మరించేవాళ్ళ మాట మటుకు వినకు, చీమల పండగవుతుంది. పూత ఒక్కోసారి అర అంగుళం మించకూడదు. మొదటిది బిగిశాకే రెండోది. పాత మట్టి మీద నీళ్ళు చిలకరించకుండా పూస్తే, ఆ పొడి మట్టి పూతలోని నీరంతా తాగేసి, అది పట్టు లేకుండా డొల్లగా మిగులుతుంది. తడి గోనెసంచులు కప్పి పది రోజులు కాపాడు. వానలు వెనకపట్టాక, కార్తీకంలో మొదలుపెడితే మాఘానికి తేలుతుంది. వేసవిలో వద్దు, పైన ఆరిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

ఇక పైకప్పు. మంగుళూరు పెంకులుంటే ఒకటి దించి బోర్లా తిప్పు. అడుగున కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. ఆ పెంకుల మొదటి ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థవాళ్ళు 1860ల్లో మంగుళూరులో పెట్టారు. మన వైపు పల్లెలకి ఇంత బరువు సరుకు రావాలంటే రైలు కావాలి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది 1900లో. కాబట్టి ఇల్లు అంతకంటే పాతదని నీకు తోస్తే, మొదట గూన పెంకులో (కుమ్మరి చేసే వంపు పెంకులు) తాటాకో ఉండి ఉంటుందని అనుమానించాలి. వాసాలు చూడు. గూన పెంకులకి వాసాలు దగ్గరదగ్గరగా, వంకరటింకరగా ఉన్నా సరిపోతుంది. మంగుళూరు పెంకు కొక్కెం పట్టుకోవడానికి రీపర్లు (వాసాలమీద అడ్డంగా కొట్టే చెక్క పట్టీలు) కొలత తప్పకుండా కొట్టాలి. వాసాలమీద పనికిరాకుండా పోయిన పాత మేకు చిల్లులుంటే కప్పు మారిందన్నమాటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టాక ఏమేం మార్చారో కూడా ఊళ్ళో అడిగి విడిగా రాయి. అదీ ఇంటి చరిత్రే.

కాగితాల దగ్గరే చాలామంది బోల్తా కొడతారు. నీ దగ్గరున్న దస్తావేజులో "ధాత నామ సంవత్సరం" అని ఉందన్నావు. సరే, ఏ ధాత? అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1876, 1936, 1996. ముద్ర కాగితం మీద రాజు బొమ్మ చూస్తే తెగిపోతుంది. విక్టోరియా రాణి అయితే 1876, అయిదో జార్జి అయితే 1936. కానీ ఒకటి గుర్తుంచుకో, ఆ జార్జి 1936 జనవరిలోనే పోయాడు, ధాత మొదలైంది మార్చి ఉగాదికి. అంటే మిగిలిపోయిన పాత కాగితం మీద రాశారన్నమాట. బొమ్మ చెప్పేది "అంతకుముందు కాదు" అనే తప్ప "అప్పుడే" అని కాదు. పన్ను రసీదులో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలుపు. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. ఒడియా కాగితంలో "అంకం" (రాజు గద్దెనెక్కిన దగ్గర్నుంచి వేసే ఏళ్ళ లెక్క) అని ఉంటే నేరుగా లెక్కపెట్టకు. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. 25వ అంకమంటే నిజానికి 21వ ఏడు. సొమ్ము "45-8-0" అని రూపాయలు, అణాలు, పైల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుదనుకో, దశాంశ నాణేలు అప్పుడొచ్చాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న, ఇల్లు ఎవరిది? పంతులు సొంతమా, జమీందారు ఇచ్చిన ఇనామా, లోకల్ బోర్డు వాళ్ళదా? 1884 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో లోకల్ బోర్డులు (స్థానిక పాలన సంఘాలు) వచ్చాయి, బళ్ళు కొన్ని వాటి కిందికి వెళ్ళాయి. బోర్డు ఇల్లయితే అమ్మకం దస్తావేజే ఉండదు, దానికోసం వెతికి లాభం లేదు. మరమ్మతు ఖర్చులుంటాయి. 1936 ఏప్రిల్ 1కి ముందు మనది గంజాం జిల్లాయే, మద్రాసు కిందే. అంచేత పాత కాగితాలు భువనేశ్వర్‌లో దొరక్కపోతే గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురంలోనూ, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ అడగాలి. పర్లాకిమిడి ఇప్పుడున్న గజపతి జిల్లా అన్నది 1992లో గంజాం నుంచి విడిపోయిందే కదా.

పర్లాకిమిడి పంతులంటే గిడుగు రామమూర్తిగారే ఎవరికైనా తడతారు. 1880లో రాజావారి బడిలో చేరి, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టి, మన ఊరు ఒడిశాలో కలవగానే రాజమండ్రి వెళ్ళిపోయిన మనిషి. నీ నివేదికలో ఆయన పేరు ఎలాగైనా ఇరికించాలని తహతహలాడకు. కాగితం లేకుండా రాశావంటే మిగతాదంతా కూడా నమ్మరు. ఊరూపేరూ లేని పంతులి అరుగుకి దాని విలువ దానికుంది.

జాబితా సంగతి ఒక్క ముక్క. ఇంటాక్ (పాత కట్టడాల్ని కాపాడే ఒక స్వచ్ఛంద సంస్థ) వాళ్ళ జాబితాలో పేరుంటే గౌరవం, అంతే, చట్టం అండ ఉండదు. ఒడిశా ప్రభుత్వం 1956 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం కింద ప్రకటిస్తే అది వేరు. కేంద్రం వారిదైతే నూరేళ్ళు దాటి ఉండాలి. చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి కావాలి. మీ పక్కింటి వాళ్ళు మేడ కట్టాలనుకుంటున్నారన్నావుగా, వాళ్ళతో ముందే మాట్లాడుకో, లేకపోతే జన్మలో పలకరు.

ఈ వారం నువ్వు చేయాల్సింది: ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ, స్కేలు పక్కన పెట్టి, ఫొటోలు తియ్యి. దస్తావేజుని లామినేషన్ చేయించకు, మళ్ళీ విడదీయలేం. కప్పు మీంచి దించిన గూన పెంకుల్ని పారబోయకు. దొడ్లో ఒకదాని పక్కన ఒకటి నిలువుగా పేర్చు, పడుకోబెట్టి గుట్ట పోస్తే అడుగువి పగిలిపోతాయి. నలుపు పొర ఎక్కడ తగిలిందో తెలిసిన రోజే నాకు ఫోన్ చెయ్.

నీ
బావ